సున్నము వెనుక గోడ

సంతలో కడవను బేరమాడు నిల్లాలిని చూడుడు. కడవ యొకప్రక్క నల్లబడినదా, మూతివద్ద మసి యంటినదా యని యామె చింతింపదు. ఎడమచేత మూతిని బట్టి పైకెత్తి, కుడిచేతి వ్రేలి కణుపుతో కొట్టి, చెవి యొగ్గి వినును. ఖంగుమని పలికిన కడవ యింటికి వచ్చును. బొద్దుగా పలికినది యెంత నునుపుగా నున్నను మరల నేలకు దిగును. కొన్నాళ్లలో పగిలిపోవు మట్టిపాత్రకే యింత పరీక్ష చేయు మనము, ఒక కుటుంబము ముప్పదియేండ్లు కూడబెట్టిన సొమ్ము ధారవోసి యిల్లు కొనునప్పుడు మాత్రము గోడల రంగు చూచి మురిసిపోవుచున్నాము. రంగు వెలసినచో మొగము త్రిప్పుకొనుచున్నాము. పైన పటారము, లోన లొటారము అను సామెత పుట్టిన నేలమీదనే యిట్లు జరుగుట వింతగాదా?

కృష్ణాతీరమందలి యొక పట్టణమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము నాచేత నీ సంగతి నెత్తించినది. వారు రెండిండ్లు చూచిరట. మొదటిది కట్టి పదునైదేండ్లయిన శ్లాబు ఇల్లు. అమ్మువారు క్రొత్తగా లేతయాకుపచ్చ రంగు వేయించి, నేలకు మెఱుగుపలకలు పఱపించిరి. రెండవది అరువదేండ్లనాటి పెంకుటిల్లు. గోడలు పెచ్చులూడి, వంటయిల్లు మసిబారి, పెరడు పిచ్చిమొక్కలతో నిండియున్నదట. దీని ధర మొదటిదానికంటె చాల తక్కువ. మగవారు అరగంటలో మొదటిదానిని మెచ్చి, బయానా యిచ్చుటకు సిద్ధమైరి. ఆ సొమ్ములో ఈ సోదరికి పుట్టింటివారు పెట్టిన గాజులును, చంద్రహారమును అమ్మగా వచ్చిన ధనము గూడ గలదు. తనకొకసారి చూపింపుడని యడుగగా, ఆడవారికి ఇటుకల సంగతి యేమి తెలియునని నవ్విరట. ఏమి చూడవలెనో, చూచి యేమని చెప్పవలెనో తెలుపుమని యామె కోరినది.

ఇండ్లను కన్నుల జూడక, ఇది మంచిది అది చెడ్డదని యిచ్చటనుండి తీర్పు చెప్పుట ధర్మముకాదు. రంగు వేసిన యిల్లెల్ల మోసమును గాదు, పెచ్చులూడిన యిల్లెల్ల మాణిక్యమును గాదు. కాని మావారు బడిపంతులగుటచే బదిలీలవెంట ఏడూళ్లలో అద్దెయిండ్ల కాపురము చేసితిని. అద్దెకుండువారికి గోడలు తమ గుట్టు త్వరగా విప్పి చెప్పును. తాపీమేస్త్రులు చెప్పిన మాటలను, నేను కన్నవానిని కలిపి యీ నెల యీ పుటలో వ్రాయుచున్నాను. ఇటుకల సంగతి ఆడవారికి తెలియదనుట సరికాదు. ఏ మూల చెమ్మ దిగునో, ఏ వాకిట నీరు నిలుచునో దినమంతయు నింటనుండువారికి దెలియక మఱెవ్వరికి దెలియును?

ఇంటి దోషములు మూడు తెగలు. మొదటివి కంటికి వికారముగా కనబడి, చీపురుకును సున్నపుకుంచెకును లొంగునవి. రెండవవి పైకి కనబడక, మేస్త్రికిని వడ్రంగికిని లొంగునవి; వీనికి ధనము కావలెను. మూడవవి యెవ్వరికిని లొంగనివి: నేల, నీరు, ఇంటి యెత్తు, హక్కు. లోకము మొదటి తెగను జూచి పాఱిపోవును, మూడవ తెగను జూడకయే సంతకము చేయును. ఈ వరుసను తలక్రిందు చేయుటయే తెలివి.

క్షమింపదగిన దోషములు

వెలసిన రంగు, గోడకు తాతగారు తల యానించినచోట నూనెమరక, మేకుల రంధ్రములు, పిల్లలు గీచిన బొమ్మలు, పగిలిన కిటికీ అద్దము, తుప్పుపట్టిన గొళ్లెములు, పాతకాలపు పొయ్యిగద్దె, పిచ్చిగా పెరిగిన పెరడు, నాలుగైదు జాఱిన పెంకులు, కట్టెపొయ్యి మసి - వీనిలో నొక్కటియు ఇంటి ప్రాణమునకు చెందినది కాదు. ఇవి యన్నియు కొన్ని వారముల పని. వీనిని జూచి కొనువారు వెనుకకు పోవుదురు గనుక అమ్మువారు ధర తగ్గింతురు. ఆ తగ్గింపే మరమ్మతు ఖర్చుగా మనచేతికి వచ్చును.

నా పుట్టింటి వీధిలో నొక పెంకుటిల్లు మూడేండ్లు అమ్ముడుపోలేదు. వచ్చినవారెల్ల వంటయింటి మసిని జూచి, గుమ్మమునుండియే మరలిపోయిరి. తుదకు ఉద్యోగము విరమించిన యొక నర్సమ్మగారు దానిని జూచుటకు వచ్చిరి. ఆమె మూడుదినములు మూడువేళల వచ్చినది. గోడలను నాణెముతో కొట్టి విన్నది. నిచ్చెనవేయించి దూలములను తడవించినది. బావినీరు తోడించి త్రాగినది. పిమ్మట తక్కువ ధరకు కొన్నది. మసి గీకించగా దాని క్రింద గానుగ సున్నపు పూత శంఖమువలె తెల్లగా, చెక్కుచెదరక బయటపడినది. సున్నమును గానుగలో నలిపి కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి పూసిన పూర్వుల పని యది.

ఆ సంవత్సరమే మా బంధువులలో నొకరు అదే యూర ముచ్చటైన రంగులయిల్లు కొనిరి. గృహప్రవేశమునకు వచ్చినవారందరు మెచ్చుకొనిరి. శ్రావణమాసపు వానలకు నడుమెత్తు వరకు గోడలు తెల్లని పొడి క్రక్కెను. అమ్మకమునకు ముందు రెండునెలల క్రిందట తడిగోడపై సిమెంటు పూసి రంగు వేయించిరని మేస్త్రి చెప్పెను. నేటికిని ఏటేట రంగు వేయించుచునే యున్నారు.

పాతయిల్లు బాగుచేయునప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రము మఱవరాదు. పూర్వము తలుపులకును కిటికీలకును వేసిన నూనెరంగులలో సీసము కలిసియుండెడిది. మన దేశమున ఇండ్లరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2016లో చేయబడి, 2017 నవంబరు నుండి అమలునకు వచ్చినది. కావున అంతకు ముందరి రంగును పొడిగా గీకి దుమ్ము రేపరాదు. తడిపి గీకించి, రాలినదానిని తడిగుడ్డతో తీయించి, గర్భిణులను పసివారిని ఆ దినములలో వేఱుచోట నుంచవలెను. సీసము పసివారి బుద్ధివికాసమునకు గొప్ప శత్రువు.

గోడ చెప్పు మాట

శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడను చోరుడు చారుదత్తుని యింటికి కన్నము వేయుటకు ముందు గోడను పరీక్షించు ఘట్టము గలదు. దినదినము నీరు పడి యే తావు నానినదో, ఉప్పు తిని యేచోట క్షీణించినదో, ఎలుకలెచ్చట త్రవ్వినవో యని వాడు తడవి చూచును. కన్నము వేయువానికున్నంత శ్రద్ధ కొనువారికి లేకుండుట మనకు సిగ్గుచేటు. ఆ దొంగ చూచిన మూడు సంగతులే మనమును జూడవలెను.

చెమ్మ యెచ్చటనుండి వచ్చుచున్నదో అది కనబడు తావే చెప్పును. చూరుక్రింద, పైకప్పు మూలలందు గోధుమవన్నె మరకలున్నచో నీరు పైనుండి దిగుచున్నది. పెంకుటింట ఇది జాఱిన పెంకుతో తీఱిపోవచ్చును; శ్లాబు ఇంట ఖర్చు హెచ్చు. గోడ నడుమ నొక్కచోట మాత్రమే మరకయున్నచో ఆవలిప్రక్క స్నానపుగదియో, పగిలిన గొట్టమో యున్నదేమో చూడవలెను. నేలనుండి నడుమెత్తు వరకు వరుసగా నున్నచో అది నేలచెమ్మ. దీపపువత్తి నూనెను పీల్చినట్లు ఇటుక భూమిలోని తడిని పైకి పీల్చును. తడి యారిపోగా దానిలోని లవణములు తెల్లనిపొడియై గోడపై పూయును. దీనినే చవుడుపట్టుట యందురు.

సున్నపుపూత గాలి పీల్చి చెమ్మను బయటకు విడుచును. సిమెంటుపూత దానిని లోపల బంధించును. బంధింపబడిన చెమ్మ మఱింత పైకెక్కును. కావున గది యంతయు పాతపూతతోనుండి క్రింది మూడడుగులు మాత్రము క్రొత్త గిలాబాతో గాని పలకలతో గాని కప్పబడియున్నచో ఎందులకో యడుగుడు. బీరువాలు, పెట్టెలు గోడకు జేర్చియున్నచో కొంచెము జరిపింపుడు. మంచముక్రింద వంగి వాసన చూడుడు. నేలచెమ్మ మందులేని రోగము కాదు. గోడచుట్టు నీరు నిలువకుండ వాలుచేయించుట, సిమెంటుపూత తీయించి సున్నముతో మరల పూయించుట వంటి చికిత్సలు గలవు. కాని యది రెండవ తెగకు జేరిన దోషము. దాని వెల బేరములోనికి రావలెను.

బీటలన్నియు నొక్కటి కావు. పూతమీద సాలెగూడువలె అల్లుకొన్న సన్నని పగుళ్లు పూత యారునప్పుడు పుట్టినవి, వానికి భయపడనక్కఱలేదు. ద్వారబంధము మూలనుండియో, కిటికీ మూలనుండియో ఏటవాలుగా మెట్లుమెట్లుగా ప్రాకి, రూపాయిబిళ్ల యంచు దూఱునంత వెడల్పయిన బీట వేఱు జాతిది. అది లోపలి నుండియు, వెలుపలి నుండియు నొకేచోట కనబడినచో పునాది యొకప్రక్కకు క్రుంగినదేమో యని యనుమానింపవలెను. అట్టి బీటకు అడ్డముగా సన్నని గాజుముక్కను సిమెంటుతో నతికి తేదీ వ్రాసియుంచుట తాపీవారి పాతపద్ధతి. కొన్ని నెలలకు గాజు పగిలినచో గోడ యింకను కదలుచున్నది. పగులకున్నచో ఆ గోడ తన బాధను మఱచినదని యర్థము. కొనువారికి అంత వ్యవధి లేనిచో ఇంజనీరునకు చూపవలెను. అతని రుసుము ఇంటిధరలో పప్పులో నుప్పువంటిది.

శ్లాబు ఇండ్లకు మఱియొక రోగము గలదు. కాంక్రీటులోని యినుపచువ్వలకు నీరో, ఉప్పుగాలియో సోకినచో తుప్పుపట్టును. తుప్పు ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును గనుక కాంక్రీటు లోపలనుండియే బ్రద్దలై పెచ్చులుగా రాలును. సముద్రతీరపు టూళ్లలో ఇది త్వరగా వచ్చును. పైకప్పున చువ్వల వరుసవెంట తిన్ననిబీటలు, తుప్పురంగు చాఱలు కనబడుట దీని గుఱుతు. పూసి కప్పివేసినచో పొడుగైన కఱ్ఱతో కొట్టి వినవలెను. బొద్దుగా పలికినచోట పొర విడిపోయినది. చువ్వలే కనబడుచున్నచో ఇంజనీరు చూచి చెప్పువఱకు బయానా మాట తలపెట్టరాదు.

పెంకుటింటికి దూలములే ప్రాణము. వాని నడుమభాగము గట్టిగా నుండుట చూచి సంతోషింపక, గోడలోనికి దిగు కొనలను చూపించుకొనవలెను. చెమ్మయు చెదలును ముందుగా పట్టునది యచ్చటనే. గట్టి మేకుతో పొడిచినచో మంచికఱ్ఱ ఎదిరించును. చెడినది వెన్నవలె లోపలికి పోనిచ్చును. గోడవెంట ప్రాకిన మట్టిగొట్టములు చెదల దారులు. ఒక వాసము మార్చుట చిన్నపని, పెద్దదూలము మార్చుట పెద్దపని.

విద్యుత్తుతీగలు పాతవైనచో మార్పించుటయే మేలు. ప్రతి సాకెట్టునకు ఎర్తు గలదేమో పనివానిచే చూపించుకొనవలెను. తడిచేతులతో మిక్సీయు గ్రైండరును త్రిప్పునది మనమే గదా!

నేలయు నీరును

ఇక మూడవ తెగ. మన కోస్తాజిల్లాలలోను, తెలంగాణమున, రాయలసీమలో పలుచోట్లను గల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై లోతుచాలని పునాది వేసిన యిల్లు ఋతువు ఋతువునకు మెల్లగా కదలుచుండును. వానకాలమున బిగుసుకొనిపోయి వేసవిలో వదులగు తలుపులు కొంత కఱ్ఱ స్వభావముచేతను, కొంత నేల కదలికచేతను అట్లగును. రెండు మూడు ద్వారములకు చట్రములే వంకరవోయినచో నేలను శంకింపవలెను.

వీధిలో రోడ్డుపై రోడ్డు పోయుచుండుటచే అనేక పట్టణములలో పాతయిండ్ల గడపలు వీధికంటె పల్లమైనవి. ఒకప్పుడు మూడుమెట్లెక్కి పోయిన యింటికి ఇప్పుడు మెట్టుదిగి పోవలసివచ్చుచున్నది. అట్టి యింటికి ఎన్ని రంగులు వేసినను వానకాలమున వీధినీరు అతిథియై వచ్చును. ఇంటిని జాకీలపై నెత్తు పద్ధతి యిప్పుడు గలదు గాని దాని ఖర్చును గండమును సామాన్యగృహస్థునకు భారము. గడప వీధికంటె ఎంత యెత్తున్నదో ముందే కొలిచి చూడవలెను.

వరదసంగతి ఇంటివారిని గాక వీధివారిని అడుగుడు. 2009 అక్టోబరు తొలిదినములలో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణము మునిగినది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మున్నగు పేటలు దినములతరబడి నీటనుండెను. అట్టి నీరు గోడపై వ్రాసిపోవు గీత ఒక్క రంగుపూతతో మాయమగును. కాని ఎదురింటి యవ్వకు అది ఎంతవఱకు వచ్చినదో గుఱుతుండును. ఆ వీధిన కూరగాయలమ్ము నామెయు, పాలు పోయువాడును ఏ యింటి వాకిట నీరు నిలుచునో చెప్పగలరు. వారికి అమ్మకమున లాభములేదు గనుక మాట నిజముగా నుండును.

నీటిని వేసవి చివర చూడవలెను. అప్పుడును ఊరు బావి యేనాటికి నమ్మకమైనది. త్రాగునీటిని యంత్రముతో శుద్ధిచేసికొనవచ్చును గాని స్నానమునకు, బట్టలుతుకుటకు, అంట్లుతోముటకు ఆ బావినీరే కావలెను. ఉప్పునీరు కుళాయిలను, గొట్టములను తినివేయును. చవిచూచిన చాలదు, ఒక చెంబెడు నీరు తెచ్చి కందిపప్పు ఉడికించి చూడుడు. కఠినజలమున పప్పు త్వరగా ఉడకదు. ఈ పరీక్షకు ఇంజనీరు అక్కఱలేదు.

కాగితముల గోడ

ఇటుకలగోడ వెనుక మఱియొక గోడ గలదు. అది కాగితములది. దాని బీట కంటికి కనబడదు, కాని యిల్లు కూలును.

1882 నాటి ఆస్తిబదిలీ చట్టమున 55వ సెక్షను ప్రకారము, కొనువారు సామాన్యశ్రద్ధతో కనుగొనజాలని ముఖ్యదోషమును, అది ఆస్తియందైనను హక్కునందైనను, తనకు తెలిసియున్నచో అమ్మువాడు చెప్పవలెను. దీనిలోనొక హెచ్చరిక యిమిడియున్నది. సామాన్యశ్రద్ధతో చూచినచో కనబడు దోషమును చూడకపోవుట కొనువారి తప్పే యగును. చట్టము కూడ మనలను కన్నులు తెఱచి చూడుమనియే చెప్పుచున్నది.

రిజిస్ట్రారు కచ్చేరిలో దొరకు భారధ్రువపత్రమును, అనగా అందరును ఈసీ యనుదానిని, ముప్పదియేండ్లకు తక్కువ కాకుండ తీయించుట మంచి యాచారము. కాని యందు రిజిస్టరయిన పత్రములు మాత్రమే కనబడును. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటపై జరిగిన పంపకము అందుండవు. కావున ఆ యిల్లు చేతులు మారిన దస్తావేజులను గొలుసువలె ఒకదానివెంట నొకటి న్యాయవాదిచే చదివింపవలెను. నడుమ నొక్క కొక్కెము లేకున్నను అడుగవలెను.

సోదరీమణులు ప్రత్యేకముగా నడుగవలసిన ప్రశ్న యొకటి గలదు: ఈ యింటి యాడపడుచులు సంతకము చేసిరా? ఉమ్మడియాస్తిలో కుమార్తెకును కుమారునితో సమానహక్కు ఆంధ్రప్రదేశమున 1985లోనే, నాటికి వివాహము కాని కుమార్తెలకు, ఈయబడినది. దేశమంతట వివాహితలకును కలిపి 2005 సెప్టెంబరు 9 నుండి హిందూవారసత్వ చట్టసవరణచే వచ్చినది. ఆ దినమునకు తండ్రి జీవించియుండవలెనను నియమము లేదనియు, ఆ హక్కు పుట్టుకతో వచ్చినదే యనియు 2020లో సర్వోన్నతన్యాయస్థానము స్పష్టపఱచినది. అన్నదమ్ములు మాత్రమే సంతకము చేసి అమ్మిన యింటికి ఆడపడుచు ఒకనాడు వచ్చి నా పాలేది యని యడిగినచో, ఆమె యడుగుట న్యాయమే. ఆ తగవు కోర్టున నేండ్లు నడచును. ఆమెకు జరిగిన యన్యాయముపై మన గృహప్రవేశపు పాలు పొంగింపనేల? పెచ్చులూడిన గోడను క్షమింపవచ్చును. లేని సంతకమును క్షమింపరాదు.

చూచుటకు పోవునప్పుడు

వెంట తీసికొనిపోవలసినవి కొద్ది వస్తువులే. పూత కొట్టి వినుటకు ఒక నాణెము, నేలవాలు చూచుటకు పిల్లలాడు గోలీ, చీకటిమూలలకు చేతిదీపము, దూలము పొడుచుటకు మేకు, నీటికి చెంబు, వ్రాసికొనుటకు కాగితము. గోలీని గది నడుమ విడిచినచో నెచ్చటికి దొరలునో చూడుడు. స్నానపుగదిలో తూమువైపు దొరలవలెను. పడకటింట వేగముగా నొకవైపే పరుగెత్తినచో ఎందులకో అడుగవలెను.

ఒక్కసారి చూచినది చూచుట కాదు. ఉదయమున వెలుతురు, గాలి తెలియును. మధ్యాహ్నమున వేడి తెలియును. మంచివాన కురిసిన మఱునాడు అన్నియు దెలియును. ఎండకాలమున కొనవలసివచ్చినచో గోడలపైని మరకలనే వానల చరిత్రగా చదువవలెను. వాస్తుసంగతి ఎవరి నమ్మకము వారిది. గాలియు వెలుగును నీరును బాగుండవలెననుటలో మాత్రము ఎల్లవారికిని ఏకాభిప్రాయమే.

ముక్కును నమ్ముడు. వారణావతమున పాండవులకై పురోచనుడు కట్టించిన యిల్లు చూపునకు ఎంతో సుందరము. విదురుని హెచ్చరిక మనసుననుంచుకొని ధర్మరాజు అందు ప్రవేశించినంతనే నేయి, క్రొవ్వు, లక్క కలిసిన వాసన పసిగట్టి అది అగ్నికి ఆహుతి కాదగిన యిల్లని భీమునకు చెప్పెను. గోడలసొబగు ఆయన కన్నులను కప్పలేదు. మనయింటి గోడలలో లక్క యుండదు గాని, క్రొత్తరంగు వాసన వెనుక బూజువాసన దాగియుండవచ్చును. తలుపులు, కిటికీలు రాత్రియంతయు మూసియుంచి ఉదయమున తెఱచునప్పుడు మొదట అడుగుపెట్టినవారికి ఆ రహస్యము తెలియును.

బేరమునకు ముందు మేస్త్రిని, వడ్రంగిని పిలిచి మరమ్మతుల లెక్క వ్రాయించుకొనవలెను. ధరకు ఆ లెక్కను కలిపి, అప్పుడు రెండిండ్లను పోల్చవలెను. చవుకయిల్లు మరమ్మతులతో ప్రియమగునో, ప్రియమైనయిల్లు దాగిన రోగముతో మఱింత ప్రియమగునో అంకెలే చెప్పును. ధర తగ్గినదని మిగిలిన సొమ్మును బంగారముగ మార్చక, మరమ్మతులకే వేఱుగా నుంచవలెను.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరికి నామాట. అమ్మా, నీ వంతుసొమ్ము గలిసిన యింటిని నీవు చూడవలెననుట జగడము కాదు. అత్తగారిని వెంటబెట్టుకొని పొమ్ము. ఇంటి మంచిచెడ్డలు ఆమెకు నీకంటె నెక్కువ తెలియును, పెద్దదిక్కు తోడైనచో మగవారును కాదనలేరు. నచ్చినది నచ్చలేదని వాదింపక, నీవు కన్నదానిని కాగితముపై వ్రాసి మామగారిముందుంచుము. ఈ గోడ బొద్దుగా పలికినది, ఈ గడప వీధికి జానెడు పల్లము, ఈ దస్తావేజులో ఆడపడుచు సంతకము లేదు అని వ్రాసిన మాటలకు నవ్వుట కష్టము. నీ పరీక్షలో ఆకుపచ్చయిల్లే నిలిచినచో సంతోషముతో దానినే కొనుడు. పెంకుటిల్లు నిలిచినచో మసిని జూచి వెనుదీయకుడు. ఏది కొన్నను దస్తావేజున మీ వారి పేరుతోపాటు నీ పేరును వ్రాయించుకొనుము. 1956 నాటి హిందూవారసత్వ చట్టము 14వ సెక్షను ప్రకారము హిందూస్త్రీ సంపాదించుకొన్న ఆస్తికి ఆమె సంపూర్ణ స్వామినియే. గాజులు కరగి యిటుకలైనప్పుడు ఆ యిటుకలలో నీ పాలు దస్తావేజున కనబడుట న్యాయము.

ఇదియంతయు బయానా యీయక మునుపే జరుగవలెను. రేపే ఉదయమున బయలుదేరుము; నాణెమును, గోలీని కొంగున ముడివేసికొనుట మఱవకుము.